ఒర లోపలి పట్టీ

మా అబ్బా ఖుర్బానీ కత్తులకు తోలు ఒరలు కుట్టేవారు. పైకి కనిపించేది నున్నని తోలే అయినా, ఒర బలమంతా లోపల దాగిన పచ్చితోలు పట్టీలోనే ఉంటుంది.

పచ్చితోలు అంటే పదును చేయని తోలు. సున్నపు నీటిలో నానబెట్టి, వెంట్రుకలు తొలగించి ఆరబెడతారు. తంగేడు చెక్క, కరక్కాయల రసం దానికి తగలదు. నానితే గుడ్డలా వంగుతుంది. ఆరితే కుంచించుకొని కొమ్ములా గట్టిపడుతుంది. కత్తి వాదర కుట్టుదారాన్ని తెంపకుండా ఆ అంచున రెండు పొరల నడుమ అబ్బా ఒక పట్టీ పెట్టేవారు. కత్తి దూసిన తరువాత ఒర మూతి ముడుచుకుపోకుండా అక్కడ మరొకటి అమర్చేవారు. పిస్తోలు ఒరల మూతిని బిగువుగా నిలపడానికీ ఈ ఉపాయం పనికివస్తుంది. తేమ తగిలితే పట్టీ మళ్ళీ మెత్తబడుతుంది కనుక పైతోలుకు తేనెమైనం పట్టించేవారు. పట్టీ మాత్రం నీడలో నిదానంగా ఆరవలసిందే.

1985లో నాకు పద్నాలుగేళ్ళు. మద్రసా సెలవులకు ఇంటికి వచ్చాను. బక్రీదు నాలుగు రోజుల్లో ఉంది. ముసురు పట్టి పట్టీలు ఆరడం లేదు. అబ్బా బజారుకు వెళ్ళినప్పుడు ఒక తడి పట్టీని కుంపటి దగ్గర పెట్టాను. చూస్తుండగానే అది మెలితిరిగింది. చదును చేయబోతే నిలువునా పగిలింది. భయంతో ఆ పగిలిన పట్టీనే పొరల నడుమ ఉంచి కుట్టేశాను. అబ్బా తిరిగి వచ్చి, ఒరను చూసి మెచ్చుకున్నారు.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఉస్తాద్ బోధించిన ఒక హదీసు పదేపదే గుర్తుకు వచ్చింది. దైవప్రవక్త (స) ఒక ధాన్యపు రాశిలో చేయి పెట్టగా లోపల తడి తగిలింది. తడిసిన భాగాన్ని జనానికి కనిపించేలా పైన ఎందుకు ఉంచలేదని వర్తకుణ్ణి ప్రశ్నించి, మోసగించేవాడు తమవాడు కాడని హెచ్చరించారు. హజ్రత్ అబూ హురైరా (రజి) ఉల్లేఖించిన ఈ సంఘటన సహీహ్ ముస్లింలో ఉంది.

ఫజ్ర్ నమాజు తరువాత అబ్బాకు అంతా చెప్పేశాను. ఆయన కోప్పడలేదు. ఒర కోసం వచ్చిన వ్యక్తి ఎదుటే కుట్లు విప్పి, పగిలిన పట్టీ చూపించి, "భాయ్, ఇది మా ఇంటి తప్పు. పండుగలోగా మరొకటి కుట్టి ఇవ్వలేను" అంటూ బయానా తిరిగి ఇచ్చేశారు. నా కొడుకు తప్పు అనలేదు. మా ఇంటి తప్పు అన్నారు. ఏ బెత్తమూ నాకు అంతటి పాఠం నేర్పలేదు.

నిరుడు మా మద్రసాలో ఒక విద్యార్థి హిఫ్జ్ పూర్తి సందర్భంగా సభ ఏర్పాటయింది. ఆహ్వానాలు కూడా పంచారు. ముందుగా వినిపించుకుంటే నాలుగు పారాల్లో బాగా తడబడ్డాడు. సభలో చదివేది కొన్ని ఆయతులే. లోపం ఎవరికీ తెలియదు. జరిపించేద్దామని నా మనసు కూడా మొగ్గింది. అప్పుడు ఆ పగిలిన పట్టీ కళ్ళ ముందు మెదిలింది. తండ్రి వద్దకు వెళ్ళి, "లోపం మా బోధనలో ఉంది, మూడు నెలలు గడువు ఇవ్వండి" అన్నాను. ఆయన ఎంతో నొచ్చుకున్నారు. బంధువుల ముందు తలవంపులని బాధపడ్డారు. అబ్బాయి మాత్రం ఆ సాయంత్రమే వచ్చి, "ఉస్తాద్, ఏ పారాతో మొదలుపెట్టమంటారు?" అని అడిగాడు.

సోదర సోదరీమణులారా! మన పనుల్లో ఎవరూ చూడని పొరను కూడా అల్లాహ్ చూస్తున్నాడు. దానిని సరిదిద్దుకునే ధైర్యం ఆయన మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.