సముద్రానికి వీపు తిప్పి చూడండి!

పిఠాపురం అనగానే పాదగయ, కుక్కుటేశ్వరస్వామి, పురుహూతికా అమ్మవారు గుర్తొస్తారు. దర్శనం అవగానే బస్సెక్కేసేవారే ఎక్కువ. చేతిలో కెమెరా ఉందా... అయితే ఆ రాత్రికి ఊళ్లోనే ఆగండి. తెల్లవారకముందే ఆటో ఎక్కితే పది పన్నెండు కిలోమీటర్లలో ఉప్పాడ. జాందానీ చీరలకు 2009లో భౌగోళిక గుర్తింపు దక్కిన ఊరే! మగ్గాల సంగతి మరోసారి చూద్దాం. ముందు ఒడ్డుకు పదండి.

మనది తూర్పు తీరం. సూర్యుడు నీళ్లలోంచే లేస్తాడు. అందరూ అటే గురిపెడతారు. పడవలూ మనుషులూ నల్లటి నీడల్లా పడతాయి. ఒకటి రెండయితే బావుంటుంది, పదోది చూసేసరికి విసుగే. అప్పుడు వెనక్కి తిరగండి. నెత్తిన గంపతో అవ్వ, వల చిక్కులు తీస్తున్న కుర్రాడు, చేపల బేరంలో గొంతు పెంచిన అక్క... అందరి ముఖాల మీదా పసుపు రాసినట్టు లేత ఎండ. ఆ వెలుగు ఉండేది మహా అయితే గంట.

నీటి మెరుపు కెమెరాను మోసం చేస్తుంది. వెలుతురు ఎక్కువైందనుకుని అది మనుషుల్ని నల్లగా చేసేస్తుంది. ఎక్స్‌పోజర్ ఒక స్టాప్ పెంచండి. ఫోనయితే ముఖం మీద వేలితో తాకితే చాలు. ఎగిరే వల, విరిగే కెరటం స్పష్టంగా రావాలంటే షట్టర్ సెకనులో 500వ వంతు ఉండాలి. ఉప్పుతుంపర పడుతుంది, మెత్తటి గుడ్డ దగ్గరుంచుకోండి.

ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మరబోట్లకు వేట నిషేధం. వలలు బాగుచేసుకుంటూ కూర్చున్నవారితో మాట కలపొచ్చు. చేతిలో డబ్బాడని రోజులు కూడా అవే. అది మరిచిపోవద్దు.

ఉప్పాడను సముద్రం ఏళ్లుగా కోసేస్తోంది. రాళ్లు పేర్చినా, పెద్ద తుపానులకు కాకినాడ వెళ్లే బీచ్‌రోడ్డు దెబ్బతింటూనే ఉంది. సగం కూలిన ఇల్లు మన కెమెరాకు మంచి దృశ్యమే, ఆ ఇంటివాళ్లకు కాదు. ‘తియ్యమంటారా అమ్మా?’ అని అడగండి. వద్దంటే కెమెరా దించేయండి. సరేనంటే మాత్రం ప్రింటు వేయించి పంపండి. వచ్చే ఏడాదికి ఆ గోడ ఉంటుందో లేదో!

తిరుగు ప్రయాణంలో పాదగయ. గుడి లోపల ఫొటోలకు అనుమతి ఉందో లేదో ముందే కనుక్కోండి. ఇక్కడికి పెద్దలకు పిండాలు పెట్టడానికి వస్తారు. అలాంటి చోట ముఖాల జోలికి పోవద్దు. పుష్కరిణి మెట్ల మీద తడి పాదాలు తీసుకోండి, చాలు.