ఈ గ్లాసు ఖరీదు ఎవరిది?

మా వంటింట్లో ఊరగాయ జాడీల పక్కనే కోన్యాక్ సీసా ఉంటుంది. దాచిపెట్టను. ఫ్రాన్సులోని కోన్యాక్ ప్రాంతంలో తెల్లద్రాక్ష వైన్‌ని రాగి బట్టీల్లో రెండుసార్లు కాచి, కనీసం రెండేళ్లు ఓక్ పీపాల్లో ఉంచుతారు. పేరు ఎంత నాజూకైనా ఇదీ కాచిన సారాయే.

45 మిల్లీలీటర్ల కోన్యాక్, 30 తీపి వెర్మూత్, 30 కాంపారి. ఐసుముక్కల మీద పోసి అర నిమిషం తిప్పుతాను. ఐసు కాస్త కరిగితేనే ఘాటు లొంగుతుంది. పైన నారింజ తొక్క పిండితే చాలు. ముందు తీపి, వెనకే చేదు.

"సారా వ్యతిరేక పోరాటం గురించి పాఠాలు చెప్తూ నువ్వు తాగుతావా?" అని ఓ స్నేహితురాలు అడిగింది. అడగాల్సిన ప్రశ్నే. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో రాజుకున్న ఆ పోరాటం వల్ల 1993లో సారా నిషేధం వచ్చింది. 1995లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది. ఖజానాకి ఆదాయం తగ్గిందని 1997లో దాన్ని సడలించారు.

ఆ స్త్రీల కోపం తాగుడు పాపమని కాదు. కూలి డబ్బు సారా కొట్టుకి వెళ్లి, ఇంటికి దెబ్బలు తెచ్చినందుకు. ఆ గ్లాసు ఖరీదు ఎవరు కడుతున్నారని వాళ్లు అడిగారు.

నా గ్లాసుకీ అదే ప్రశ్న. డబ్బు నాది, కొలత నాది, ఎవరి ఒంటి మీదా దెబ్బ పడదు. మగవాడు ఇవ్వని సంజాయిషీ నేనూ ఇవ్వను. కానీ నా సీసా మీది పన్ను కూడా ఆ ఖజానాకే చేరుతుంది. అందుకే దీన్ని విముక్తి అనలేను. ఇష్టం అంటాను, అంతే.