చెవిలోని యిసుక – ఎముకలోని సున్నము

మన యిండ్లలో "వయసు మీరినది" అను మాట యొకటి కలదు. నడుము వంగినను, మోకాళ్లు పట్టినను, లేచునపుడు తల తిరిగినను ఆ యొక్క మాటతో విచారణ ముగిసిపోవును. ఆ మాటలో మర్యాద కలదు, కొంత ఓదార్పును కలదు. కాని పెద్దవారి బాధకు హేతువును వెదకు పనిని అది మొదటనే అడ్డగించును. ఈ మాటు మేము ఆ మాటను గూర్చియే సోదరీమణులతో ముచ్చటింపదలచితిమి.

మా వింజమూరు మెట్టప్రదేశము. ఉదయగిరి కొండల ప్రక్కనున్న మా పల్లెలకు చిరకాలము నుండి భూగర్భజలమే ఆధారము. నెల్లూరు జిల్లా మెట్టతాలూకాలలో పూర్వము నడివయసువారికే వెన్ను కొయ్యబారి, మెడ తిరుగక, మేనంతయు త్రిప్పిననే గాని ప్రక్కకు చూడలేని దురవస్థ కలుగుచుండెడిది. కొందరు వాతమనిరి, కొందరు పూర్వకర్మమనిరి. 1937వ సంవత్సరమున షార్ట్ మొదలగు వైద్యులు ఈ జిల్లా రోగులను పరీక్షించి, బావినీటిలోని ఫ్లోరైడు అను లవణమే యిందులకు మూలమని ప్రకటించిరి. ఈ నీటిబాధకు పేరుపడిన పొదిలి, దర్శి, కనిగిరి తాలూకాలు అప్పుడు మా జిల్లాలోనివే. 1970లో అవి ఒంగోలు జిల్లాలో చేరినవి. ముసలితనమనియు, కర్మమనియు తోచినది చివరకు త్రాగునీటి దోషమని తేలినది. హేతువు తెలిసిన పిమ్మటనే గదా, నీటిని మార్చవలెనను ఆలోచన పుట్టినది! లీటరు నీటిలో ఫ్లోరైడు ఒకటిన్నర మిల్లీగ్రాములకు మించరాదని నేడు నియమము కలదు.

తలతిరుగుడు విషయమును అట్టిదే. మా అత్తగారికి డెబ్బదియొకటవ యేట ఈ బాధ ప్రాప్తించినది. తెల్లవారుజామున కుడిప్రక్కకు ఒత్తిగిలినంతనే యిల్లంతయు గిరగిర తిరుగునట్లుండెడిది. మంచపుపట్టెను రెండు చేతుల బిగబట్టుకొని కన్నులు మూసికొనెడివారు. అర నిమిషములో తగ్గిపోయెడిది. తులసికోటకు నీళ్లు పోయ వంగినను, దండెముపై చీర ఆరవేయ తల యెత్తినను మరల అదే. ఇరుగుపొరుగువారు పైత్యమని జీలకర్ర కషాయము చెప్పిరి. పొరుగూరి వైద్యుడొకరు రక్తము తక్కువయని బలమునకు మందు వ్రాసియిచ్చెను. ఇట్లేడాది గడచినది. ఆమె పెరటిలోనికి పోవుట మానిరి, గుడికి పోవుట మానిరి, గోడ పట్టుకొని నడవసాగిరి. తుదకొకనాడు బావిగట్టు వద్ద పడగా మణికట్టు విరిగినది.

నెల్లూరిలో కట్టు కట్టిన యెముకల వైద్యుడు, "అమ్మా, ఎందుకు పడినారు?" అని యడిగెను. అంతవరకు పరామర్శకు వచ్చినవారందరు "ఎట్లు పడినారు?" అనియే యడిగిరి. ఆ యొక్క ప్రశ్నవలననే మేము చెవి వైద్యుని యొద్దకు పోవుట తటస్థించినది. ఆయన ఆమె మెడ బాగుగా తిరుగుచున్నదా యని చూచి, బల్లపై కూర్చుండబెట్టి, తలను కుడిప్రక్కకు త్రిప్పి, చటుక్కున వెల్లకిల పరుండబెట్టి, కన్నులవంక పరిశీలనగా చూచెను. కొన్ని క్షణములకు కనుగ్రుడ్లు తమంత తామే కొట్టుకొనసాగెను. "ఇదియే మాకు కావలసిన సాక్ష్యము" అని, తలను వరుసగా కొన్ని భంగిమలకు త్రిప్పి, ఒక్కొక్క దానిలో కొంతసేపు నిలిపి, మెల్లగా లేపి కూర్చుండబెట్టెను. పది నిమిషములైనను పట్టలేదు. చెవిలో రాళ్లు చోటు తప్పినవని ఆయన చెప్పగా, మా అత్తగారు ఆశ్చర్యముతో, "నా చెవిలో రాళ్లేమిటి అమ్మాయ్, నేను చెవిలో ఏమీ వేసుకోలేదే!" అనిరి.

ఆ రాళ్లు బయటనుండి వచ్చినవి కావు. జన్మతః అందరికిని ఉన్నవే. వినుటకు మాత్రమే గాక, శరీరమును తూకము తప్పకుండ నిలుపుటకు కూడ చెవియే సాధనము. లోచెవిలో నీటితో నిండిన మూడు అర్ధచంద్రాకారపు గొట్టములు కలవు. వాని మొదట నున్న తిత్తిలో మెత్తని పొరపై సున్నపు స్ఫటికములు, కంటికి కనబడనంత సన్ననివి, ఇసుకవలె పరచుకొని యుండును. తల వంగినపుడు వాని బరువు వలన మెదడునకు ఆ సంగతి తెలియును. ఏ కారణముననో ఆ రేణువులు ఊడి గొట్టములోనికి జారెనా, ప్రక్కకు తిరిగినప్పుడెల్ల అందలి నీటిని కదల్చి, లేని గిరగిరను ఉన్నట్లు తోపజేయును. వైద్యుడు తలను త్రిప్పినది, ఆ యిసుకను వచ్చిన త్రోవనే మరల తిత్తిలోనికి జార్చుటకే. ఈ బాధ పురుషులకంటె స్త్రీలకు రమారమి రెట్టింపు.

దీనిని కనిపెట్టిన కథయును వినదగినదే. వియన్నా వైద్యుడు రాబర్ట్ బరానీ చెవిలో చల్లని నీరు, వెచ్చని నీరు పోసి కనుగ్రుడ్ల కదలికను బట్టి లోచెవి స్థితిని తెలిసికొను పద్ధతిని కనుగొనెను. 1914వ సంవత్సరపు నోబెల్ బహుమానము ఆయన రష్యాలో యుద్ధఖైదీగా నుండగా లభించినది. తల వాల్చి కన్నులను చూచు పరీక్షను 1952లో లండనులో డిక్స్, హాల్‌పైక్ అనువారు విశదముగా వివరించిరి. ఈ డిక్స్ ఒక మహిళ. శస్త్రవైద్యము నభ్యసించిన ఆమె, రెండవ ప్రపంచయుద్ధమున బాంబుదాడిలో ముఖమునకు, కంటికి గాయములు తగులగా ఆ వృత్తిని విడిచి, చెవికి సంబంధించిన యీ విద్యను చేపట్టెను. ఇసుకను వెనుకకు జార్చు చికిత్సను అమెరికాలోని జాన్ ఎప్లీ 1992లో సవివరముగా ప్రకటించెను.

ఇక యెముకల మాట. చిన్ననాడు మా నాయనగారు చెప్పిన పాఠమున, సుశ్రుతుడు అస్థులను 300గా లెక్కించి, కపాల, రుచక, తరుణ, వలయ, నలకములని 5 తెగలుగా విభజించెనని నేర్చితిమి. నాడు ఎముక యనగా మాకు ఇంటి దూలమువంటి దనియే యభిప్రాయము. కాని అది జీవము కలది. దానిలో పాత సున్నమును కరగించు కణములు కొన్ని, క్రొత్త సున్నమును మెత్తు కణములు కొన్ని, గోడలోని యిటుకలవలె లోపల నిలిచి వీనికి ఆజ్ఞలిచ్చు కణములు కొన్ని కలవు. ముట్లుడిగిన పిమ్మట కరగించువారిది పైచేయి యగును. ముదిసిన కణములు కొన్ని చావక, పని చేయక, చుట్టునున్నవానిని చెరచు రసములను విడుచుచుండును. అట్టి కణములను తొలగించినచో ఎలుకలలో ఎముకల యరుగుదల తగ్గినదని 2017లో అమెరికాలోని మేయో క్లినిక్ పరిశోధకులు చూపిరి. అదే యుపాయమును 60 మంది వృద్ధస్త్రీలలో పరీక్షింపగా, 2024లో ప్రకటించిన ఫలితములలో ఎముక కరగుట తగ్గినట్లు కానరాలేదు. కావున ముసలి కణములను తరుము మందు మన యిండ్లకు వచ్చుటకు ఇంకను కాలము కలదు.

అయినను చెవిలోని యిసుకయు సున్నమే, ఎముకలోనిదియు సున్నమే. కారణము తెలియక యీ తలతిరుగుడు వచ్చినవారిలో ఎముకలు పలుచబడుట ఎక్కువగా నున్నదని 2009లో కొరియా వైద్యులు కనుగొనిరి. 2020లో ఆ దేశమువారే, డి విటమిను లోపించినవారికి దానిని, సున్నపు మాత్రలను ఏడాదిపాటు ఇచ్చి చూడగా, తలతిరుగుడు మరల వచ్చుట సుమారు నాలుగవవంతు తగ్గినది. మా అత్తగారికి ఎముకల సాంద్రతను కొలిచి చూడగా అవియును పలుచబడియున్నవని తేలినది. తలతిరుగుడు పడవేయును, పలుచని యెముక విరుగును. విరిగినది మణికట్టు గాక తుంటియైనచో వృద్ధురాలు మంచము దిగుటయే దుర్లభము.

ఎండ యింతగా కాయు మన సీమలో డి విటమిను లోపమేమని మీరడుగవచ్చును. తిరుపతిలోని శ్రీ వేంకటేశ్వర వైద్య విజ్ఞాన సంస్థ వైద్యులు 2007లో ప్రకటించిన పరిశోధనలో, పట్టణమునను పల్లెయందును ఆరోగ్యవంతులకే ఈ లోపము హెచ్చుగా నున్నదనియు, ఆహారమున సున్నము చాలదనియు తేలినది. ఎండ వాకిట నున్నను మనము వంటయింట నుందుము. ఇక ఆహారమన్ననో, నూరు గ్రాముల రాగులలో సుమారు 350 మిల్లీగ్రాముల సున్నముండగా బియ్యములో పది మిల్లీగ్రాముల ప్రాంతమే. మన మెట్టసీమ సంగటిని బీదల కూడని త్రోసివేయుట తగదు. మాత్రలు మాత్రము వైద్యుని సలహా లేక మ్రింగరాదు. ఫ్లోరైడు సీమలలో ఎముక దట్టముగా కనబడుచునే పెళుసై యుండవచ్చును గనుక, ఏ నీరు త్రాగుచున్నారో వైద్యునికి తప్పక చెప్పవలెను.

సోదరీమణులారా! మీ యింటి పెద్దామె తల తిరుగుచున్నదన్నచో మూడు ప్రశ్నలడుగుడు. ఏ ప్రక్కకు తిరిగినపుడు? ఎంతసేపు? చెవి వినబడుట తగ్గినదా? ఆ జవాబులను కాగితముపై వ్రాసికొనిపొండు. వైద్యునికి అవి సగము పరీక్షతో సమానము. మూతి వంకరవోయినను, మాట తడబడినను, చేయి కాలు స్వాధీనము తప్పినను, వస్తువులు రెండుగా కనబడినను, నిలువలేకపోయినను అది చెవి సంగతి కాకపోవచ్చును. క్షణమైన జాగు చేయక పెద్దాసుపత్రికి కొనిపోవలెను. రాత్రి స్నానపుగదికి పోవు దారిలో దీపమును, గోడకు పట్టుకొమ్మను అమర్చుడు. ఉదయము కొంతసేపు ఎండలో వారితో కలిసి నడువుడు.

వయసు రాకుండ ఆపగలవారెవరును లేరు. కాని వయసు చేసినదేదో, నీరు చేసినదేదో, చెవిలోని యిసుకరేణువు చేసినదేదో వేరుపరచి చూచుట మన చేతిలోని పనియే. పెద్దవారికి పాదనమస్కారము చేయుట యెంత గౌరవమో, ఎందుకు పడినారని యడుగుటయు అంత గౌరవమని మా యభిప్రాయము.