గోస్లారు కొండదారులు

నలుగురు నడిచినదే దారి యని మన పెద్దలు చెప్పుదురు. ఆ మాట నిజమే. కాని మొదట నడిచిన ఆ నలుగురెవరు? ఏ పనిమీద నడిచిరి? వారి పని తీఱిన పిమ్మట ఆ దారి యేమైనది? కాళ్ళ క్రింద నున్నదానిని కన్నులు తఱచుగా చూడవు గనుక ఈ ప్రశ్నలు మనకు తోచవు. జర్మనీ దేశమందలి గోస్లారు అను ప్రాచీనమైన సంతపట్టణము చుట్టునుండు కొండదారులలో కొన్నిదినములు నడచుచుండగా ఈ ప్రశ్నలును నా వెంట నడచినవి. వానికి అచ్చట దొరకిన సమాధానములను మన విద్యార్థులకును వారి తలిదండ్రులకును విన్నవించుటకై ఈ వ్యాసము వ్రాయుచున్నాను.

గోస్లారు పట్టణము హార్ట్సు అను కొండల యుత్తరపు టంచున, లోయర్ శాక్సనీ రాష్ట్రములో నున్నది. 19వ శతాబ్దిలో మన తెలుగునాటి దక్షిణపు జిల్లాలకు వచ్చి సంఘములను, బడులను నెలకొల్పిన హెర్మన్సుబర్గు మిషనువారి స్వగ్రామమును ఆ రాష్ట్రములోనిదే. హార్ట్సు కొండలు హిమాలయములవలె మహోన్నతములు కావు. వానిలో నెల్ల ఎత్తైన బ్రోకెను శిఖరము 1,141 మీటర్లు మాత్రమే. మన మహేంద్రగిరికంటె పొట్టిది. అయినను అవి చలిగాలికిని పొగమంచునకును పుట్టినిండ్లు. బ్రోకెను శిఖరమును ఏడాదిలో ఇంచుమించు 300 దినములు పొగమంచు క్రమ్ముకొనుచుండును.

పట్టణము నడుమ రాళ్ళు పఱచిన సంతచౌకము కలదు. దాని చుట్టును పలకరాళ్ళు కప్పిన యిండ్లు, కఱ్ఱచట్రముల నడుమ మట్టియు ఇటుకయు నింపి కట్టిన యిండ్లు వరుసలు తీర్చియుండును. దినమునకు నాలుగు మాఱులు ఒక యింటిమీద గంటలు మ్రోగును, తలుపులు తెఱచుకొనును, గనిపనివారి బొమ్మలు ఒకదానివెనుక నొకటి వచ్చి పోవును. పూర్వము ఈ పట్టణమున చక్రవర్తులు కొలువుతీర్చిరి. వారి సౌధము నేటికిని ఉన్నది. కాని పట్టణపు నడిబొడ్డున గంటలు మ్రోగునది గనిపనివాని కొఱకు. అది నాకు మిక్కిలి న్యాయముగా తోచెను. ఏలయన చక్రవర్తిని ఈ చోటికి రప్పించినది వాడు త్రవ్వి తీసిన వెండియే.

ఆ వెండి పుట్టిల్లు పట్టణమునకు దక్షిణముగా నున్న రామెల్సుబెర్గు అను కొండ. ఒక రాజభటుని గుఱ్ఱము గిట్టతో నేలను గీరగా లోహము బయటపడెనని అచ్చటి జనశ్రుతి. చరిత్ర తెలిసినంతవఱకు 968 నాటినుండి అక్కడ గని పని సాగినది. వెండియు రాగియు సీసమును తుత్తునాగమును వేయి సంవత్సరములకు పైగా తీసి, తుదకు 1988లో గనిని మూసిరి. 1992లో ఆ గనిని, పట్టణమును ప్రపంచ వారసత్వ సంపదగా యునెస్కోవారు ప్రకటించిరి. ఇందులో చీకటి భాగమును కలదు. 1939 మొదలు 1945 వఱకు జరిగిన యుద్ధకాలమున పరదేశస్థులను బలవంతముగా తెచ్చి ఈ గనిలో పనిచేయించిరి. ఆ కొండదారిని కూలికై యెక్కినవారును, ఏడ్చుచు ఎక్కినవారును గలరు. దారి ఇరువురిని మోసినది.

మన పైతరగతుల బాలురు చదువుకొను ఆంగ్లకవి వర్డ్సువర్తు తన చెల్లెలు డోరతీతో కూడ 1798–99 చలికాలమును గోస్లారులో గడపెను. ఆ యేడు చలి అతి తీవ్రమై యుండెను. తెలిసినవారు లేని ఆ యూర గదిలో కూర్చుండి, ఆయన తన చిన్ననాటి కొండలను, ఏళ్ళను తలచుకొని "ప్రెల్యూడ్" అను మహాకావ్యపు తొలి భాగములను వ్రాసెను. పరాయి కొండల నీడను కూర్చున్నవానికి సొంత కొండలు మఱింత స్పష్టముగా కనబడును. ఇది నాకును అనుభవమైనది.

గోస్లారునుండి దక్షిణముగా కొండలలోనికి పోగా, ఎత్తుపల్లములు లేని వింతదారులు ఎదురగును. కొండచఱియను చుట్టుకొని మైళ్ళ తరబడి చదునుగా పోవు ఈ దారుల ప్రక్కను సన్నని కాలువ పాఱుచుండును. ఈ కాలువల కథ వినదగినది. గనులు లోతైనకొలది వానిలో నీరు ఊరును. ఆ నీటిని తోడనిదే పని సాగదు. తోడుటకు యంత్రము కావలెను. యంత్రమును త్రిప్పుటకు నీటిచక్రము కావలెను. చక్రమును త్రిప్పుటకు మఱల నీరే కావలెను. కావున కొండమీద కురిసిన వానను చెఱువులలో నిలిపి, కాలువలలో నడిపి, సొరంగములలో దూర్చి గనులయొద్దకు తెచ్చిరి. వాల్కెన్రీడు మఠములోని సన్యాసులు మొదలుపెట్టిన ఈ పని ఎనిమిది వందల సంవత్సరములు సాగెను. 107 చెఱువులు, 310 కిలోమీటర్ల కాలువలు, ఇంచుమించు 30 కిలోమీటర్ల సొరంగములు ఏర్పడినవి. 2010లో ఇదియు ప్రపంచ వారసత్వములో చేరినది.

నేను నడిచినది రేబెర్గు కాలువ గట్టు. 1722లో ముగిసిన ఓడెర్‌టైహు అను పెద్ద చెఱువునుండి నీరు ఈ కాలువగుండ సంక్టు ఆండ్రెయాసుబెర్గు అను గనులయూరికి పోవును. వాలు ఎంత స్వల్పమనగా, ఒక ఎండుటాకును నీటిలో వైచి చూచినగాని ప్రవాహమున్నట్లు తెలియదు. గట్టుమీద అడుగు పెట్టగనే నాకు గోదావరి డెల్టా జ్ఞప్తికి వచ్చెను. 1847 మొదలు 1852 వఱకు ధవళేశ్వరమున ఆనకట్ట కట్టిన పిదప తీసిన కాలువల గట్లమీదనే గదా మన పల్లెల బాలురు ఎందఱో బడికి నడుచుచున్నారు! ఆ గట్టు వారి నడకకొఱకు పోసినది కాదు. నీటిని కాపాడుటకు పోసినది. దానిమీద లస్కరు పార పట్టుకొని తిరుగుటకు ఏర్పడిన జాడయే బాలురకు దారియైనది. హార్ట్సులోను అంతియే. కాలువను కాచు ఉద్యోగి గండి పడకుండ, ఆకులు పేరుకొనకుండ చూచుచు అనుదినము నడిచిన జాడయే నేటి విహారమార్గము. ఆ కాపరి కాపురమున్న యిల్లు రేబెర్గు కాలువప్రక్క నేటికిని నిలిచి, ఇప్పుడు బాటసారులకు అన్నపానీయములు పెట్టు పూటకూళ్ళయిల్లుగా నున్నది.

ఇంతవఱకు సంతోషము. ఇక దుఃఖము చెప్పవలెను. గనులకు నీటితోబాటు కఱ్ఱయు కావలసియుండెను. సొరంగపు కప్పునకు ఊతలు, లోహమును కరగించుటకు బొగ్గు, అన్నియు అడవినుండియే. పూర్వమున్న బీచి మొదలగు వెడల్పాకుల చెట్లను నఱకి, వాని స్థానమున శీఘ్రముగా నిటారుగా పెరుగు స్ప్రూసు చెట్లను, 18వ శతాబ్దినుండి ముఖ్యముగా, వరుసలుగా నాటిరి. చూచువారు ఆదినుండి ఉన్న అడవి యనుకొనునది నిజముగా ఒక పెద్ద తోట. ఒక్క జాతితో నిండిన తోటకు ఒక్క శత్రువు చాలును. 2018లో గాలివాన చెట్లను పడగొట్టెను. ఆ వెంటనే అనావృష్టి వచ్చెను. బెరడు క్రింద తొలుచు ఒక చిన్న పురుగు, వడ్లగింజయంత పొడవైనను లేనిది, ఆ చెట్లపై పడెను. నీరున్న చెట్టు బంక కార్చి పురుగును ముంచివేయును. దప్పిగొన్న చెట్టునకు బంక యెక్కడిది? ఆ పురుగుకు జర్మనులు పెట్టిన పేరునకు "పుస్తకముల నచ్చొత్తువాడు" అని యర్థము. రాలిన బెరడును త్రిప్పి చూచితిని. లోపలివైపు గీతలు అచ్చుపుటవలె బారులు తీరియున్నవి. ఒక్క జాతినే నాటిన తప్పునకు తీర్పు అందు వ్రాయబడినట్లుండెను.

కొండలకు కొండలు బూడిదరంగు మోడులతో నిండియుండగా చూచితిని. నాకు దారి చూపిన యొక వృద్ధుడు ఒక మలుపునొద్ద నిలిచి, "అయ్యా, నేను బాలుడనై యున్నప్పుడు ఇచ్చట మిట్టమధ్యాహ్నమున చీకటిగా నుండెడిది. ఇప్పుడు ఎండకు టోపీ పెట్టుకొనవలసివచ్చినది" అనెను. ఆయన కంఠము కొంచెము వణకెను. పిమ్మట చేతికఱ్ఱతో నేలను చూపెను. మోడుల నడుమ ఎఱ్ఱపండ్ల రోవను మొక్కలు, తెల్లబెరడు బిర్చి మొక్కలు మోకాలెత్తు లేచియున్నవి. అచ్చటి జాతీయవనమువారు పెక్కుచోట్ల మోడులను అట్లే విడిచి, పలుజాతుల అడవి తనంతట మొలచుటకు తావిచ్చుచున్నారు. ఆ క్రొత్త నీడలో నడచుటకు ఆ వృద్ధుడు ఉండడు. అది ఆయనకు తెలియును.

ఆయన హార్ట్సుక్లబ్బు అను సంఘపు సభ్యుడు. 1886లో స్థాపించిన ఆ సంఘమువారు దారిగుర్తులు నిలుపుచు, వంతెనలు బాగుచేయుచు నుందురు. ఆయన సంచిలో ఱంపము, రంగుడబ్బీ, కుంచె ఉండెను. "దీనికి మీకు జీతమేమైన నిత్తురా?" అని అడిగితిని. ఆయన నవ్వి, "ఈ కొండ మా తాతకు కూలి యిచ్చినది, మా తండ్రికి కూలి యిచ్చినది. నేను వడ్డీ చెల్లించుచున్నాను" అనెను. ఈ కొండలలో 222 చోట్ల ముద్రపెట్టెలు కలవు. బాలురు చిన్నపుస్తకములు చేతబట్టి, దారులు నడిచి, ఒక్కొక్క చోట ముద్ర వేసికొని పతకములు సంపాదించుదురు. వారు పరుగెత్తుటకు వీలైన బాటనుండి పడిన మ్రానును ముందుగా తొలగించినవాడు ఇట్టివాడే.

మఱొక దారిని గూర్చి చెప్పి ముగించెదను. రెండవ ప్రపంచయుద్ధానంతరము జర్మనీ రెండు రాజ్యములుగా చీలినది. సరిహద్దు ఈ కొండలమీదుగా పోయినది. 1961నుండి బ్రోకెను శిఖరమునకు సామాన్యజనులను పోనీయలేదు. కవి గెఠే 1777 డిసెంబరు 10వ తేదీన మంచులో ఎక్కిన శిఖరము, ఇరువది యెనిమిదేండ్లు సైనికుల కోటగా నుండెను. 1989 డిసెంబరు 3వ తేదీన జనులు గుంపులుగా నడిచి వచ్చి ద్వారము తెఱపించిరి. సరిహద్దు వెంబడి కావలి బండ్లు తిరుగుటకై రంధ్రములుగల కాంక్రీటు పలకలు పఱచియుండిరి. నేడు ఆ రంధ్రములలో గడ్డి మొలచినది. ఆ పలకలమీద రెండువైపుల బిడ్డలును కలిసి నడుచుచున్నారు. మనుష్యులు దాటకుండుటకై వేసిన దారి మనుష్యులను కలుపు దారియైనది.

విద్యార్థులారా! దారి వేసినవాని యుద్దేశముతో దారి ముగిసిపోదు. లోభముతో వేసినదియు, భయముతో వేసినదియు, తరువాత నడచువారి సద్బుద్ధివలన మేలైనదిగా మాఱవచ్చును. అట్లే అశ్రద్ధవలన మంచిదారియు ముండ్లపాలు కావచ్చును. మీరు దినదినము నడచు కాలువగట్టును, పొలముగట్టును, బడిముందరి బాటను ఒకమాఱు పరికింపుడు. ఎవరు పోసినది, ఎందుకు పోసినది ఇంటిలో పెద్దలనడిగి తెలిసికొనుడు. గట్టు తెగినచోట ఒక పారెడు మన్ను వేయుడు. ముల్లు కనబడిన తీసివేయుడు. నీడ లేనిచోట ఒక్క జాతి కాక నాలుగు జాతుల మొక్కలు నాటుడు. వాని నీడను మీరే కూర్చుండవలెనను నియమము లేదు. మీ వెనుక వచ్చు నలుగురు కూర్చుందురు.