కచేరీలో పంచిన మందు

ఖమ్మం నుంచి భద్రాచలం బస్సు. పాల్వంచ దాటి చెట్లు చిక్కబడ్డాక వెనక సీట్లోంచి గుప్పున అమృతాంజనం వాసన.

"తల నొస్తుందా అవ్వా?"

"లేదు బిడ్డా. బస్సెక్కితే రాసుకుంటా, అంతే."

1893లో బొంబాయిలో ఈ మందు మొదలుపెట్టిన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు గుర్తొచ్చారు. అప్పటికి రేడియో లేదు, టీవీ ఊసే లేదు. సంగీత కచేరీల్లో డబ్బాలు ఊరికే పంచిపెట్టారట. గంటల తరబడి కదలకుండా కూర్చునే జనం దొరికేది అక్కడే కదా! (కచేరీ వల్లే తలనొప్పి అని నేననడం లేదు.) పైగా ఒకరు రాసుకుంటే వరసంతా తెలిసిపోతుంది. గోడ మీద రాత చదవడానికి చదువు కావాలి, దీనికి ముక్కుంటే చాలు. ఆ మందు సంపాదనతోనే 1908లో ఆంధ్రపత్రిక పెట్టారు. తలనొప్పి తగ్గించిన డబ్బుతో పత్రిక నడపడం! తెల్లదొరలకు మాత్రం అది తలనొప్పే అయ్యుంటుంది.

సారపాకలో దిగబోతూ అవ్వ నా వేలికింత రాసి, డబ్బా కొంగున ముడేసుకుంది. ఊరికే.

వంతెన దాటేదాకా వేలు వాసన చూసుకుంటూనే ఉన్నా.