అరకు దారిలో అలిగిన బండి

అరకు అనగానే మీలో చాలామందికి రైలు, సొరంగాలు, బొర్రా గుహలు గుర్తొస్తాయి. మేమూ రెండుసార్లు అలాగే వెళ్లొచ్చాం. కానీ మొన్న కార్తీకంలో మాత్రం మావారి పాత మోటారు సైకిలు మీద వెళ్లాం. విశాఖ నుంచి సుమారు 115 కిలోమీటర్లు. ఈ వయసులో బండి మీద ఘాట్ రోడ్డేమిటని నవ్వుకోకండి, సంగతి వినండి.

ఆ బండి 2001లో వాయిదాల మీద కొన్నది. పిల్లల్ని టీకాలకీ, బడికీ మోసింది అదే. రిజిస్ట్రేషన్ మళ్లీ పొడిగించాల్సి వచ్చేసరికి మా అబ్బాయి, "అమ్మేయండి నాన్నా, ఎక్కడో దారిలో ఆగిపోతే అమ్మకి ఇబ్బంది" అన్నాడు. మావారికి రోషం వచ్చింది. "అరకు ఎక్కి దిగితే ఉంచుకుందాం, లేదంటే అమ్మేద్దాం" అనేశారు. ఆయన మాట నిలబడాలని ముందురోజు నేనే కూర్చుని బండంతా పాలిష్ పెట్టి తళతళలాడేలా తుడిచాను.

శృంగవరపుకోటలో ఇడ్లీ తిని బయల్దేరాం. బొడ్డవర దాటాక కొండ మొదలవుతుంది. అక్కణ్ణుంచి గాలి వాసనే మారిపోతుందండీ! టైడా దాటి మలుపులు ఎక్కుతుంటే కింద లోయలో పొగమంచు పాలపొంగులా కనిపించింది. చూస్తూ మైమరచి ఉండగానే బండి రెండుసార్లు దగ్గి ఆగిపోయింది.

పది నిమిషాలాగి కొడితే స్టార్టయింది. మళ్లీ రెండు కిలోమీటర్లు వెళ్లి ఆగింది. మూడోసారీ అంతే. మావారు చోక్ లాగారు, రిజర్వు తిప్పారు, ప్లగ్గు విప్పారు. ప్లగ్గు పొడిగా ఉంది. తడిగా, నల్లగా ఉంటే పెట్రోలు ఎక్కువవుతున్నట్టు, పొడిగా ఉంటే అసలు అందనట్టట. ట్యాంకులో చూస్తే సగానికి పైనే ఉంది! పక్కనే టీ కాస్తున్న ముసలమ్మ, "బండి ఆగిపోనాదా అమ్మా? సీకటి పడితే మంచు కమ్మేస్తాది" అంది. మావారి మొహం చూడలేకపోయాను. అబ్బాయికి ఫోన్ చేయమని నా నోటితో అనలేను కదా.

అంతలో ముసలమ్మ నూనె డబ్బా వంచింది. నూనె గుటగుటమని ఆగి ఆగి పడుతోంది. మనింట్లో అయితే డబ్బాకి రెండు చిల్లులు పెడతాం, ఒకటి నూనె రావడానికి, రెండోది గాలి పోవడానికి. "ఏమండీ, పెట్రోలు ట్యాంకుకి గాలి ఎటునుంచి పోతుంది?" అన్నాను. ఆయన ఓ క్షణం నన్ను చూసి, తాళం పెట్టి మూత తిప్పారు. బుస్సుమని లోపలికి గాలి పీల్చుకుంది.

అదే రోగం. మూతలో సన్నటి గాలి దారి ఉంటుంది. అది మూసుకుపోతే కొంత పెట్రోలు దిగాక ట్యాంకులో గాలి పలచబడి మిగతాది కిందకి రాదు. కాసేపు ఆగితే సందుల్లోంచి కొంచెం గాలి చేరి బండి మళ్లీ నడుస్తుంది. ఎక్కుడులో పెట్రోలు ఎక్కువ కావాలి కాబట్టి తొందరగా ఆగుతుంది. నా గాజుకున్న పిన్నీసు తీసిచ్చాను. ఆయన ఆ చిల్లులో తిప్పితే పిన్నీసు కొసకి తెల్లగా గట్టిపడ్డ ముద్ద వచ్చింది. నేను పెట్టిన పాలిషే! అప్పటికి నోరు మెదపలేదు.

అనంతగిరి దాటి గాలికొండ దాకా బండి ఆగితే ఒట్టు. దారి పొడుగునా కాఫీ తోటలు, సిల్వర్ ఓక్ చెట్లకి అల్లుకున్న మిరియాల తీగలు. సుంకరమెట్ట దగ్గర వేడి కాఫీ తాగుతూ నా నేరం ఒప్పుకున్నాను. ఆయన నవ్వడానికి చాలాసేపు పట్టింది లెండి.

అరకులో ఓ మెకానిక్కుకి చూపించాం. కార్బురేటరు కింద గిన్నె విప్పితే తుప్పు పొడి, రెండు నీటి బొట్లు. ఆ గిన్నెలో చిన్న తేలుడు బిళ్ల ఉంటుంది. మేడ మీద నీళ్ల ట్యాంకులో బంతిలాగే పెట్రోలు నిండగానే దారి మూసేస్తుంది. అక్కడ నలుసు అడ్డుపడితే పెట్రోలు పొంగి కారుతుంది. నేను పిన్నీసు అందించబోతే ఆ అబ్బాయి కంగారుగా, "జెట్టులో మాత్రం వద్దమ్మా, చిల్లు పెద్దదైతే మైలేజీ పోతుంది" అని పెట్రోలుతో కడిగి గాలి ఊదాడు. సన్న జెట్టు పూడితే ట్రాఫిక్కులో ఆగినప్పుడు బండి ఆరిపోతుందట, పెద్దది పూడితే వేగం అందుకోదట. ఇప్పటి పెట్రోల్లో ఇథనాల్ తేమ పీలుస్తుంది కాబట్టి పాత బండిని నెలల తరబడి నిలబెట్టవద్దన్నాడు, రబ్బరు గొట్టం బీటలు చూసి మార్చేశాడు. 2020 తర్వాతి కొత్త బళ్లలో చాలావాటికి ఈ కార్బురేటరే లేదట. పని జరుగుతున్నంతసేపూ బీడీ ముట్టించిన వాణ్ణి దగ్గరికి రానివ్వలేదు, అది నాకు నచ్చింది.

మర్నాడు పచ్చగా విరబూసిన వలిసె చేలు చూసి, సాయంత్రానికి ఇల్లు చేరాం. మా అబ్బాయి గేటు తీస్తూ, "ఎక్కడా ఆగలేదా?" అని అడిగాడు. మావారు నావైపు చూశారు. నేను లోపలికెళ్లి పొయ్యి మీద పాలు పెట్టాను. బండి ఇంకా మా వాకిట్లోనే ఉంది. పాలిష్ డబ్బా మాత్రం ఎక్కడ దాచారో, ఇంతవరకూ నాకు దొరకలేదు.