కచుఁడు నేర్చిన విద్య



గతమాసమున నొక పిల్ల మనస్సు మరలింపవలెనని తెనాలిలో రైలెక్కి రేపల్లెకుఁ బోయితిని. తిరిగి వచ్చునప్పటికి మరలినది నా మనస్సే. ఆ సంగతి మీతోఁ జెప్పుకొనవలెనని యీ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

ఆ పిల్ల మా యక్కగారి కూఁతురు. మా యక్క రొమ్ము కేన్సరుతోఁ గన్నుమూసి నాలుగేండ్లైనది. పిల్ల బాపట్లలోఁ దండ్రియొద్ద నుండి చదువుకొని, భౌతికశాస్త్రమున ఎం.ఎస్సీ. ముగించి, రేపల్లెలో నాయనమ్మ యింటికి వచ్చినది. మంచి సంబంధ మొకటి వచ్చియుండఁగా, తాను ప్లాస్మా పరిశోధనకుఁ బోవుదునని పట్టుపట్టినది. "నీ మాట వినును, వచ్చి నచ్చఁజెప్పు" మని అత్తయ్యగారు నాకుఁ గబురంపిరి.

మా తండ్రిగారు నాకు భారతభాగవతములు చెప్పిరి కాని విజ్ఞానశాస్త్రము చెప్పలేదు. అందుచే ముందుగా, "ప్లాస్మా యన నేమి తల్లీ? రక్తములో నుండునదియేనా?" అని యడిగితిని.

"పేరొక్కటే పిన్నీ, వస్తువు వేఱు. మంచు కరఁగి నీరగును. నీరు కాఁగి యావిరియగును. వాయువునకు నింకను శక్తి నిచ్చినచోఁ బరమాణువులనుండి ఎలక్ట్రానులు విడివడి నాలుగవ యవస్థ కలుగును. మెఱుపులోను సూర్యునిలోను నున్న దదియే. 1928లో లాంగ్‌మ్యూర్ అను శాస్త్రజ్ఞుఁడు దానికిఁ బ్లాస్మా యని పేరు పెట్టెను."

"దానితో నీవు చేయు పని యేమి?"

"ఇత్తడి గిన్నెకుఁ గళాయి వేయుట వంటిదే. గాలి తీసివేసిన పెట్టెలోఁ గొంచెము ఆర్గాను వాయువు విడిచి విద్యుత్తు నిత్తురు. ప్లాస్మాలోని అయానులు లోహపుఁ బలకను ఢీకొని పరమాణువులను రాల్చును. అవి యెదుటి వస్తువుపై మిల్లీమీటరులో వేయవవంతుకంటెను సన్నని పొరగా నంటుకొనును. ఈ ప్లాస్మానే చల్లగా నుండునట్లు వెలిగించి, కేన్సరునకుఁ బనికివచ్చునా యనియు శోధించుచున్నారు."

అంతవఱకు వత్తులు చేసికొనుచున్న అత్తయ్యగారు తలయెత్తి, "దానితో మీ యమ్మ తిరిగి వచ్చునా?" అనిరి. ఇల్లంతయు నిశ్శబ్దమైనది.

"రాదు నాయనమ్మా. చల్లని ప్లాస్మా ప్రయోగశాలలోఁ గేన్సరు కణములను జంపుచున్నది. కొలఁదిమంది రోగులపైఁ బరీక్షలును జరిగినవి. కాని యది యింకను స్థిరపడిన వైద్యము కాదు. నేఁడు జబ్బు వచ్చినవారు దీనిని నమ్ముకొని శస్త్రచికిత్సను, మందులను, కిరణచికిత్సను మానరాదు. ఎవరో యొకరు పనిచేయనిదే నిజమేదో తేలదు గదా" యని పిల్ల మెల్లఁగాఁ బలికినది.

నాకుఁ గచుఁడు జ్ఞప్తికి వచ్చెను. శుక్రునియొద్ద మృతసంజీవని నేర్చిన యాతనికి, ఆ విద్య ఫలింపకుండునట్లు దేవయాని శాప మిచ్చినది. నాకుఁ గాకున్నను నేను నేర్పినవారికి ఫలించునని యాతఁడు సమాధానపడెను. తల్లికి దక్కని మేలు పరుల తల్లులకు దక్కవలెనని కోరు పిల్లను నేనేమని వారింతును?

మన భీమవరమున 1895లోఁ బుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారి చరిత్రము గూడఁ దలఁచుకొంటిని. మామగారి ధనసహాయముతో నాయన అమెరికా వెళ్లిరి. ఆయన ప్రయోగశాలవారు సిద్ధపఱచిన మందు నొసఁగి ఫార్బర్ అను వైద్యుఁడు, రక్తకేన్సరు గల 16గురు పిల్లలలోఁ 10మందికిఁ దాత్కాలికముగా గుణము కలిగెనని 1948లోఁ బ్రకటించెను. ఆ జాతి మందే యగు మెథోట్రెక్సేటు నేఁటికిని వాడుకలో నున్నది. ఆ 1948లోనే సుబ్బారావుగారు విదేశమునఁ గన్నుమూసిరి. భార్య శేషగిరిగారు మాత్ర మిచ్చటనే యుండిపోయిరి. ఆ మందు వెల యామెయుఁ జెల్లించినదని నా తలంపు. నాఁడు స్త్రీ యింట నిలిచి చెల్లించిన ఋణమును, నేఁడు స్త్రీని బోనిచ్చి యిల్లు తీర్చుకొనరాదా?

ధనమునకై వెఱవఁ బనిలేదు. గుజరాతులోని గాంధీనగరమున 1986లో నేర్పడిన ప్లాస్మా పరిశోధనసంస్థ యున్నది. నెట్, గేట్, జెస్ట్ వంటి పరీక్షలలో నెగ్గినవారికిఁ బరిశోధనకు దారి కలదు. కేంద్రప్రభుత్వము 2023 నుండి పరిశోధక వేతనమును మొదటి రెండేండ్లు నెలకు 37,000 రూపాయలు, పిదప 42,000 రూపాయలుగా నిర్ణయించినది.

నేను బయలుదేఱునప్పుడు అత్తయ్యగారు ఔననలేదు, కాదనలేదు. "ఆ గాంధీనగరమునకు రైలులో నెన్నాళ్లు?" అని మాత్ర మడిగిరి. సంబంధమువారికి నేమి చెప్పవలెనో బావగా రింకను నిశ్చయింపలేదు. నేను మాత్రము తెనాలి చేరిననాఁడే, ఇంటి ఖర్చులోఁ గూడఁబెట్టినది తీసి పిల్లకుఁ బరీక్షరుసుము పంపితిని.